ఎడమకు ఒరిగిన కుర్చీ

మా పెద్దమ్మ ఎక్కడికి వెళ్ళినా, కూర్చోమన్న కుర్చీలో వెంటనే కూర్చోదు. ముందు దాన్ని తిరగేస్తుంది. ఆస్పత్రి వరండా కానీ, చుట్టాలిల్లు కానీ, బస్సు కోసం కాచుకునే చోటు కానీ, పదిమంది చూస్తున్నారన్న బిడియం లేకుండా కుర్చీని బోర్లించి, వెనక కాళ్ళు సీటుకు కలిసే మూలల్లో బొటనవేలితో నొక్కి చూస్తుంది. ఆ తర్వాత నిలబెట్టి, కొంగుతో తుడిచి, అప్పుడు కూర్చుంటుంది. అదే బూడిదరంగు ప్లాస్టిక్ కుర్చీ అయితే ఇక చెప్పనక్కర్లేదు. అందులో ఎవరైనా కూర్చుని ఉంటే లేవమంటుంది. ముసలాయనా, చంటిపిల్ల తల్లా అని కూడా చూడదు. లేవకపోతే లేచేదాకా అక్కడే నిలబడుతుంది. అలాంటప్పుడు పక్కన నేనుంటే నా తల కొట్టేసినట్టు ఉంటుంది.

చూసినవాళ్ళు చాదస్తం అనుకుంటారు. మా అమ్మ కూడా అలాగే అంటుంది, సొంత అక్క కాబట్టి ఇంకాస్త గట్టిగా అంటుంది. ఇది చాదస్తం కాదు. ఎందుకు చేస్తుందో నాకు తెలుసు. ఇది మొదలైన సాయంత్రం వాళ్ళ ముందుగదిలో పెద్దమ్మా నేనూ తప్ప ఇంకెవరూ లేరు. ఆవిడ నోరు విప్పి చెప్పే రకం కాదు. అందుకని నేను చెబుతున్నాను.

పెద్దమ్మా పెదనాన్నా ఒకే ఫ్యాక్టరీలో పనిచేశారు. ప్లాస్టిక్ కుర్చీలు చేసే ఫ్యాక్టరీ. ఆయన కలిపేవాడు, ఆవిడ విరగ్గొట్టేది. పిల్లల్లేని ఆ ఇద్దరి కాపురమంతా ఆ రెండు పనుల మధ్యే నడిచింది.

ఆయన కలిపేదేమిటో చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. కుర్చీ అంతా ప్లాస్టిక్కే అనుకుంటాం కానీ, కాదు. ఒట్టి ప్లాస్టిక్కుతో పోసిన కుర్చీ మెత్తగా ఉంటుంది. కాస్త ఒళ్ళున్న మనిషి కూర్చుంటే కాళ్ళు విచ్చుకుంటాయి. అందులో మెత్తటి సుద్దపొడి కలిపితే బిగువొస్తుంది. పైగా సుద్ద చవక. అందుకే యజమానికి సుద్ద అంటే ప్రాణం. అయితే సుద్ద పెరిగేకొద్దీ బిగువుతో పాటు పెళుసుతనమూ వస్తుంది. వంగాల్సిన చోట వంగకుండా పుటుక్కుమంటుంది. ఎంత కలిపితే బిగువు, ఎంత దాటితే పెళుసు అన్నది పెదనాన్న చేతిలో ఉండేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలతో సహా తెల్లగా, పిండిమరలోంచి లేచొచ్చినట్టు ఉండేవాడు.

పెద్దమ్మ పని ఫ్యాక్టరీ చివరి గదిలో. ఆయన కలిపిన ముద్దతో పోసిన పట్టీలను యంత్రానికి బిగించి లాగేది. అదే ముద్దతో పోసిన కుర్చీల మీద ఇసుక బస్తాలు పెట్టి ఉంచేది. తెగబోయే ముందు పట్టీ తెల్లబడుతుంది. సుద్ద రేణువులను చుట్టూ పట్టుకున్న ప్లాస్టిక్ లాగుడికి వాటిని వదిలేస్తుందట. వదిలిన చోటల్లా కంటికానని సందులు పడి, అవన్నీ కలిసి తెల్లగా కనిపిస్తాయట. భయపడ్డ మనిషి ముఖం పాలిపోయినట్టే అనేది పెద్దమ్మ. కాస్త ఆలస్యంగా తెల్లబడితే మంచి సరుకు. లాగీలాగకముందే తెల్లబడితే లోపల ఎక్కడో లోటుంది.

ఇద్దరూ ఇంటికి కలిసే నడిచొచ్చేవాళ్ళు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఆయన రోజూ ఒకటే అడిగేవాడు, "ఇవాళ నన్నెక్కడ విరగ్గొట్టావోయ్?" అని. ఆవిడ చెప్పేది. ఆయన ఒప్పుకునేవాడు కాదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి. యంత్రం తప్పంటాడు, పట్టీ వంకరంటాడు, చివరికి పెద్దమ్మ చెయ్యి బరువంటాడు. మర్నాడు మాత్రం ఆవిడ చెప్పినట్టే పాళ్ళు మార్చి కలిపేవాడు. మార్చానని చచ్చినా చెప్పేవాడు కాదు.

ఒక్కసారి మాత్రం ఆవిడ ఆయన మాట విన్నది. వానలు విడవకుండా పట్టిన ఏడాది అది. గోదాములో సుద్ద బస్తాలు చెమ్మ పట్టి పొడి ఉండలు కట్టింది. ఉండ కట్టిన సుద్ద ప్లాస్టిక్కులో సమంగా కలవదు, ఇడ్లీపిండిలో కరగని ఉప్పుగల్లులాగా ఎక్కడిదక్కడే ఉంటుంది. బూడిదరంగు కుర్చీలు, పెద్ద ఆర్డరు. లారీ వాకిట్లో నిలబడి ఉంది. పరీక్షకు తీసిన కుర్చీ ఇసుక బస్తాను మోసింది, కానీ పట్టీ తొందరగా తెల్లబడింది. పెద్దమ్మ సరుకు ఆపుతానంది. పెదనాన్న ఆవిడ గదికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అంతకుముందెప్పుడూ ఆయన ఆ గదికి రాలేదు.

"బస్తాను మోసిన కుర్చీ మనిషిని మోయదా? ఈ ఒక్కసారికి నా మాట మీద వదిలెయ్."

వదిలేసింది. లారీ వెళ్ళిపోయింది. ఆ రాత్రి నుంచి ఆవిడకు నిద్ర కరువైంది.

పక్కవీధిలో ఏదన్నా కింద పడితే చాలు, ఉలిక్కిపడి లేచేది. ఎవరో కుర్చీతో సహా కూలినట్టు చెవిలో చప్పుడయ్యేదట. ఎవరో తాత, ఎవరో కడుపుతో ఉన్న పిల్ల. ఫ్యాక్టరీకి ఫిర్యాదేమీ రాలేదు. విరిగిన కుర్చీని పారేస్తారు గానీ ఉత్తరం రాసేదెవరు? అన్నం సయించక మనిషి పుల్లలా అయిపోయిందని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

అప్పుడు పెదనాన్న ఆ సరుకులో మిగిలిపోయిన ఒక కుర్చీని నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. ముందుగదిలో కిటికీ పక్కన, గోడకు ఆనించి వేశాడు. అందులో కూర్చుని పెద్దమ్మను పిలిచాడు.

"ఫ్యాక్టరీ మొత్తంలో నా బరువు ఎవడికీ లేదు. నన్ను మోసిందంటే అందరినీ మోసినట్టే. రోజూ ఇందులోనే కూర్చుంటాను, నువ్వు రోజూ చూడు. విరిగిన రోజు నువ్వు గెలిచినట్టు, సరేనా?"

ఆ రోజు నుంచి ఆయన సాయంత్రాలన్నీ ఆ కుర్చీలోనే గడిచాయి. టీ గ్లాసు చేత్తో పట్టుకుని, లోకంలోని అబద్ధాలన్నీ చెబుతూ కూర్చునేవాడు. ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసేది. ఒక వారం అన్నం కాస్త తిన్నది. ఇంకో వారం పోయాక కాస్త నిద్రపోయింది. నెలలు గడిచాయి, ఏళ్ళు గడిచాయి. కుర్చీ విరగలేదు. అది మా ఇళ్ళలో ఒక వేళాకోళమైపోయింది. పెదనాన్నకు ఏ మాత్రం ఒళ్ళొచ్చినా కుర్చీని పరామర్శించేవాళ్ళం.

ఆయన అందులో సరిగ్గా కూర్చునేవాడు కాదు. ఎప్పుడు చూసినా ఎడమ పక్కకు ఒరిగి, ఎడమ మోచేతి మీద బరువంతా వేసి, కుడి తొడ సగం గాల్లో ఉంచి కూర్చునేవాడు. నిటారుగా కూర్చోరాదూ, నడుం పాడైపోతుంది అని పెద్దమ్మ చెవినిల్లు కట్టుకుని పోరేది. ఆయన నవ్వేవాడు. కిటికీ అటే ఉంది కదా, "ఈ పక్క గాలొస్తుందోయ్" అనేవాడు. ఇంకెవర్నీ అందులో కూర్చోనిచ్చేవాడు కాదు. పరీక్షలో ఉన్న కుర్చీని ముట్టుకుంటే లెక్క తప్పుతుందనేవాడు. చిన్నప్పుడు ఒకసారి నేను దానిమీదికి ఎక్కబోతే, ఎన్నడూ గొంతు పెంచని మనిషి రెక్క పట్టి ఈడ్చి దించాడు. నా చెయ్యి కమిలింది. ఆ కోపం నాకు చాలాకాలం ఉంది. ఆ కుర్చీని కడిగేది కూడా ఆయనే. సెలవు రోజు పెరట్లోకి తీసుకెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని మరీ కడిగేవాడు. మగవాడికి ఇంటిపని సిగ్గనుకున్నాం.

ఇద్దరూ పని మానేశారు. ఫ్యాక్టరీ చేతులు మారింది. కొన్నాళ్ళకు పెదనాన్న జ్వరంతో ఆస్పత్రికి వెళ్ళి, తిరిగి రాలేదు.

పెద్దమ్మ ఒంటరిగా ఉంటుందని అమ్మ నన్ను అక్కడికి పంపింది. నేను మందుల షాపులో పనిచేస్తాను. ఆ ఇంటినుంచి షాపు దగ్గర. నాకు అభ్యంతరం లేదు. భయం మాత్రం వెళ్ళిన మొదటి సాయంత్రమే పట్టుకుంది.

పెద్దమ్మ వంటింట్లో ఉంది. నేను ముందుగదిలో బట్టలు మడతపెడుతున్నాను. ఖాళీ కుర్చీ 'టిక్' మంది. వేలితో తట్టినట్టు, స్పష్టంగా. నేను చేతిలో చీర పట్టుకుని కదలకుండా నిలబడ్డాను. కాసేపటికి మళ్ళీ అంది. ఆయన ఇప్పుడే లేచి, లోపలికి వెళ్ళినట్టు ఉంది గది.

ఎదురింటి టీచరమ్మ కూడా ఒకరోజు ఆ చప్పుడు విన్నది. ఇక ఊరుకుంటుందా, కందకు లేని దురద కత్తిపీటకెందుకనుకునే మనిషి కాదు. ఆయన ఇంకా ఇంట్లోనే ఉన్నాడనీ, ఆ కుర్చీ బయట పారేయకపోతే ఆడవాళ్ళిద్దరికీ మంచిది కాదనీ నా చెవిలో ఊదింది. నేను తీసుకొచ్చి పెద్దమ్మ చెవిలో వేశాను. ఆయన పోయాక ఆవిడ మొదటిసారి నవ్వింది.

"దయ్యం కాదే పిచ్చిదానా, ప్లాస్టిక్కు. బరువు తీసేస్తే అది ఒక్కసారే లేవదు. కొంత వెంటనే లేస్తుంది. కొంత నెమ్మదిగా, ఎంతకాలం మోసిందో అంతకాలం తీసుకుని లేస్తుంది. అలా లేస్తున్నప్పుడే ఆ చప్పుడు. కొంత మాత్రం ఇక ఎప్పటికీ లేవదు."

ఇన్నేళ్ళు ఎడమకు ఒరిగి కూర్చున్నాడు కాబట్టి కుర్చీ ఎడమకు వాలిపోయింది. వీపు ఆనే పలక ఎడమ కొస కిందికి దిగింది, ఎడమ చేతిపట్టె మీద మోచెయ్యి ఆనే చోట తెల్లటి మచ్చ పడింది. చీకట్లో చూసినా అది ఎవరి కుర్చీయో చెప్పొచ్చు. ఎవరూ లేని కుర్చీలో ఆయన ఒరుగు ఉంది. పెద్దమ్మ పెన్సిల్ తెచ్చి, పలక కొస గోడకు తగిలే చోట గీత గీసింది. నాకు చూపించడానికే గీసింది, ఉత్త సరదాకి.

ఆ గీతే ఆవిడ కొంప ముంచింది. కొన్నాళ్ళకు కొస గీత కన్నా కాస్త పైకి వచ్చింది. ఎండలు ముదిరాయి. ప్లాస్టిక్కు వేడి తగిలితే తొందరగా లేస్తుంది. మధ్యాహ్నమంతా టిక్కు టిక్కుమంటూనే ఉండేది. సాయంత్రం షాపు నుంచి వచ్చేసరికి పెద్దమ్మ గోడ దగ్గర వంగి నిలబడి ఉండేది. నవ్వడం మానేసింది. కిటికీకి దుప్పటి కట్టింది, ఎండ పడకుండా. నేల మీద తడిగుడ్డ వేసింది. అయినా కొస పైకి పోతూనే ఉంది.

"లేచిపోతున్నాడే," అంది ఒకరోజు, నా వైపు చూడకుండా.

ఆయన బట్టలు ఇచ్చేసినప్పుడు ఆవిడ ఏడవలేదు, మంచం తీసేసినప్పుడు ఏడవలేదు. ఆ కుర్చీ ఒరుగు పోతుందంటే మాత్రం తట్టుకోలేకపోయింది. ఆవిడ దగ్గర ఆయనవి మాటలూ లేవు, పిల్లలూ లేరు. ఉన్నది ఆ వంపొక్కటే. అది కూడా రోజూ ఇంతింత కరిగిపోతోంది. నాకు జాలేసింది, నిజం చెప్పొద్దూ, చిరాకూ వేసింది.

జీవితమంతా చేసిన పని చేతికి అలవాటు కదా. పెద్దమ్మకు ఇసుక బస్తా గుర్తొచ్చింది. లేచేదాన్ని లేవనివ్వకుండా ఉంచాలంటే బరువు పెట్టాలి. ఇసుక తెప్పించింది, గోనెసంచీలో పోసింది, ఆటోలో వేసుకుని నేరుగా మా మందుల షాపుకే వచ్చింది. షాపు ముందు బరువు చూసుకునే మిషను ఉంది. మనుషులు వరసలో ఉండగా బస్తాను దానిమీద నిలబెట్టి, ముల్లు చూసి, ఇంకో రెండు దోసిళ్ళు పోసింది. మా యజమాని కళ్ళద్దాలు తీసి, ఆ బస్తా మీకేమవుతుందని నన్నడిగాడు. నేను తల వంచుకుని మందుల పొట్లం కట్టాను. ఆస్పత్రిలో ఆఖరున తూచిన బరువు నాకు తెలుసు, అది చెప్పబోయాను. పెద్దమ్మ వద్దంది. అది రోగం బరువట. తనకు కావలసింది కుర్చీలో కూర్చున్నప్పటి బరువట.

గోనెసంచీ కుట్టు వదిలి ఇసుక కారుతోందని దానికి పెదనాన్న చొక్కా ఒకటి తొడిగి బొత్తాలు పెట్టింది. ఆవిడకు అందులో వింతేమీ కనబడలేదు. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఇంటికి రావాలంటే భయం. దీపాలు పెట్టే వేళకు తలుపు తీస్తే, కిటికీ పక్కన మసక వెలుతురులో, తలా చేతులూ లేని మనిషి చొక్కా వేసుకుని కూర్చుని ఉండేవాడు. రోజూ తెలుసు, రోజూ గుమ్మంలోనే ఆగేదాన్ని. పెద్దమ్మ దాని ఎదురుగా పీట మీద కూర్చుని కూరగాయలు తరుగుతూ ఉండేది. దాంతో మాట్లాడుతోందని టీచరమ్మ వీధంతా చాటింది. మాట్లాడేది కాదు. వినేది. టిక్కుమంటుందేమోనని చెవి అటు వేసి కూర్చునేది.

మొదట్లో చప్పుడు ఆగిపోయింది. కొస మెల్లగా గీత దగ్గరికి దిగింది. పెద్దమ్మ ముఖం తేటపడింది, ఆ పూట పాయసం కూడా చేసింది. నేను కూడా, పోనీలే, ఇసుకైనా ఇంట్లో ఒక మగదిక్కు అని వేళాకోళం చేశాను. అదే ఆ ఇంట్లో ఆఖరి నవ్వు.

తర్వాత చప్పుడు మళ్ళీ మొదలైంది. ఈసారి అది వేరే చప్పుడు. పొడిగా, కోపంగా ఉండేది, ఎండు పుల్ల విరవబోయి ఆగినట్టు. కొస గీతను వదిలి పైకి పోయింది. పెద్దమ్మకు అర్థం కాలేదు. బరువు అలాగే ఉంది, చొక్కా అలాగే ఉంది, కుర్చీ మాత్రం లేస్తోంది. ఇంకాస్త ఇసుక పోసింది. ఎడమ కొస మరింత పైకి వెళ్ళింది. నేను వెనక్కి జరిగి దూరం నుంచి చూశాను. కుర్చీ లేవట్లేదు, కుడివైపుకు కూలుతోంది. బస్తా బస్తాలాగా నడిమధ్యన కూర్చుంది. దానికి కిటికీ ఎటుందో ఏం తెలుసు? ఆయన ఒరుగును కాపాడబోయి, పెద్దమ్మ దాన్ని చెరిపేసి, ఆ చోట ఇసుక బస్తా ఒరుగును పోసింది. బరువు సరిగ్గా ఆయనదే. మనిషే ఆయన కాడు.

ఆ మాట ఆవిడకు ఎలా చెప్పాలా అని రెండు రోజులు మింగుకున్నాను. ఈలోగా ఆవిడకే తెలిసింది.

ఆ సాయంత్రం నేను వచ్చేసరికి లైటు వేసి ఉంది. చొక్కా వేసుకున్న బస్తా నేలమీద పక్కకు పడి ఉంది. కుర్చీ బోర్లా ఉంది. పెద్దమ్మ దాని పక్కన చతికిలబడి, కుడి వెనక కాలు సీటుకు కలిసే మూలలో బొటనవేలు పెట్టి కూర్చుంది. ఫ్యాక్టరీలో ఆవిడ తిరగేయని కుర్చీ లేదు. ఇంట్లో ఈ ఒక్కదాన్నీ ఇన్నేళ్ళలో ఒక్కసారీ తిరగేయలేదు. తిరగేస్తే ఆయన్ని నమ్మనట్టు అవుతుందని.

నేనూ వంగి చూశాను. కాలి మూలలో పగులు ఉంది. దాని చివర వేలెడంత మేర పాలలాగా తెల్లగా ఉంది. అది మా బస్తా చేసిన పని. మిగతా పగులు మాత్రం నల్లగా ఉంది. ఏళ్ళ తరబడి మట్టీ సబ్బూ ఇంకి నల్లబడింది. దానిమీద వేడికత్తితో ప్లాస్టిక్కు కరిగించి అతికిన మచ్చలు ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి. అన్నిటికన్నా కిందది బూడిదరంగు, దానిపైన నీలం, ఆపైన ఎరుపు, ఏ రంగు ముక్క దొరికితే ఆ రంగు. పైది ఆయన ఆస్పత్రికి వెళ్ళేముందు వేసినట్టుంది, ఇంకా మెరుస్తోంది.

"ఇది ఇప్పటిది కాదే. తెచ్చిన ఏడాదే పగిలింది," అంది పెద్దమ్మ. గొంతు మామూలుగా ఉంది.

"పెదనాన్నకు తెలుసా?"

"అతికింది ఎవరనుకున్నావు?"

ఆవిడ ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది, నాతో కాదు. పెరటి తలుపు దగ్గరగా వేసుకుని కడగడం. ఎవర్నీ కూర్చోనివ్వకపోవడం. నా చెయ్యి కమిలేలా లాగడం. ఆ ఏడాది వానలు వెలిశాక ఉన్నట్టుండి ఆయన కలిపిన ముద్దలో సుద్ద తగ్గిందనీ, పట్టీలు చక్కగా సాగాయనీ, తాను మెచ్చుకుంటే ఆయన తల దించుకున్నాడనీ కూడా చెప్పింది. కుర్చీ ఆయన్ని మోయలేదు. ఆయనే కుర్చీని మోశాడు. కుడి కాలిమీద బరువు పడకుండా, అది విరిగిన చప్పుడు పెద్దమ్మ చెవిన పడకుండా, నవ్వుతూ, టీ తాగుతూ, అబద్ధాలు చెబుతూ.

ఆయనమీద ఎంత ప్రేమ పుట్టిందో అంత కోపమూ వచ్చింది. ఆయన ఆవిడ నిద్రను అతికాడు గానీ, దానికోసం మిగతాదంతా దాచేశాడు. అనవలసిన మాట పెద్దమ్మే అంది.

"మిగతా కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు ఎడమకు ఒరిగి కూర్చోమని ఎవరు చెప్పారే?"

లారీడు కుర్చీలు. ఎక్కడెక్కడికి వెళ్ళాయో, ఎవరి వాకిట్లో ఉన్నాయో, ఎన్ని ఎప్పుడో విరిగి చెత్తలో కలిశాయో, ఎన్ని ఇంకా విరగడానికి చూస్తున్నాయో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళు ఆగిన చప్పుడు ఆవిడ చెవిలో మళ్ళీ మొదలైందని ఆవిడ ముఖం చూస్తే తెలిసింది. ఈసారి దాన్ని ఆపడానికి కిటికీ పక్కన ఎవరూ లేరు.

పారేయనా అని అడిగాను. వద్దంది. కుర్చీని నిలబెట్టింది. గోడకు ఆనించి, ఎప్పటి చోటనే వేసింది. కిటికీకి కట్టిన దుప్పటి విప్పేసింది. తర్వాత అందులో కూర్చుంది. ఎన్నడూ కూర్చోలేదు ఆవిడ అందులో. ఎడమకు ఒరిగి, తెల్లమచ్చ మీద మోచెయ్యి ఆనించి, కుడి తొడను సగం పైకెత్తి, అచ్చం ఆయనలాగే కూర్చుంది. టీ పెట్టి తెచ్చి గ్లాసు చేతికిచ్చాను.

టీ చల్లారనేలేదు. ఆవిడ కాలు వణకడం మొదలుపెట్టింది. ముందు మడమ, తర్వాత పిక్క, తర్వాత తొడ. గ్లాసులో టీ వణికి చీర మీద ఒలికింది. పళ్ళు బిగపట్టి ఇంకాసేపు ఉండబోయింది, ఉండలేకపోయింది. నేను చంకల్లో చేతులు వేసి లేపి, మెల్లగా కింద కూర్చోబెట్టాను. రెండు చేతులతో నడుము పట్టుకుని, కిటికీ వైపు తిరిగింది.

"ఈ పక్క గాలేమీ రావట్లేదే," అంది.